యంత్రమునకు బీజసంస్కారము

గన్నవరములో మా యింటి డాబామీద నిలిచి ఉత్తరమునకు చూచినచో ధ్రువనక్షత్రము క్షితిజమునకు 16½ భాగల యెత్తున మాత్రమే కనబడును. అక్షాంశ మెంతయో ధ్రువోన్నతియు నంతయే గనుక, కాశ్మీరమువారికి మింట చాల పైకెక్కి వెలుగు నా తార మనకు నూజివీటి దిక్కున చెట్లకొనల కించుక మీదుగా, మసకలోను విమానాశ్రయపు దీపకాంతిలోను వెదకికొనవలసినదై యుండును. దానికి ధ్రువమని పేరేకాని నిజమైన ధ్రువస్థానమున అది లేదు. భాగలో అరువదవ వంతు కల, కలలో అరువదవ వంతు వికల. చంద్రబింబపు వెడల్పు సుమారు 30 కలలు. ఈ కాలమున ఆ తారకును ధ్రువబిందువునకును నడుమ సుమారు 38 కలల యెడమున్నది. అనగా చంద్రబింబముకంటె ఎక్కువ దూరమున నుండి అది ధ్రువస్థానమును దినమున కొకసారి చుట్టివచ్చుచున్నది. అంతియకాదు. అంత దిగువనున్న తార వెలుగు వాయుమండలమున వంగివచ్చుటచేత, తార తానున్న చోటికంటె సుమారు 3 కలలు పైకి కనబడును. దుర్భిణిని నిలుపువాడు మొట్టమొదట నమ్మవలసిన గుర్తే యిట్టిది.

గుర్తు తప్పినను, యంత్రము తప్పినను, ఆ తప్పును మనుష్యుడు ఏవిధముగా లెక్కలోనికి తెచ్చుకొనెనో చెప్పుట యీ ప్రసంగమునకు విషయము. నేను యంత్రశాస్త్రము చదివినవాడను కాను. ముప్పదియేండ్లకు పైగా బడిపిల్లలకు తెలుగును, సంస్కృతమును చెప్పి విశ్రాంతి పొందినవాడను. బాల్యమున ఒక పెద్దవారి పాదములకడ కొంత సిద్ధాంతగణితము నేర్చుకొంటిని. ఈ వ్యవహారములోనికి నన్ను దింపినవాడు నా పూర్వవిద్యార్థి యొకడు.

మూడేండ్ల క్రిందట, పరదేశమున నుద్యోగము చేయుచున్న ఆ చిరంజీవి, ఎనిమిదంగుళముల దర్పణము గల కంప్యూటరు దుర్భిణి నొకదానిని తెచ్చి నాకిచ్చెను. ముక్కాలిమీద నిలుచు నా యంత్రమునకు రెండు ఇరుసులు, రెండు మోటార్లు, చేతిలో పట్టుకొను మీటలపలక యొకటియు గలవు. "మాస్టారూ, ఇంక మీరు వెతకక్కర్లేదు. నక్షత్రం పేరు నొక్కితే అదే తిరుగుతుంది," అని చెప్పి, నమస్కరించి వెడలిపోయెను. ఆ మాట విని నేను సంతోషింపలేదు. నక్షత్రములను వెదకుట నాకొక కష్టమని వాడెందులకు తలచెనో!

మొదటిరాత్రి రోహిణిని చూపుమంటిని. రోహిణి పడమటి మింట మూడువంతులలో రెండువంతుల యెత్తున ఎఱ్ఱగా వెలుగుచుండగా, యంత్రము గిరగిర తిరిగి పశ్చిమక్షితిజమున మా పొరుగువారి కొబ్బరిచెట్ల మొవ్వులోనికి చూచుచు నిలిచెను. నాకు లోలోపల కొంత ఆనందమే కలిగినదని యొప్పుకొనుచున్నాను. తరువాత విచారింపగా తప్పు నాదే. ఆ యంత్రము నెలను ముందుగాను తేదీని తరువాతను చదువును. నేను మన యలవాటున 5వ తేదీ, మూడవ నెల యని వ్రాయగా అది మే నెల 3వ తేదీయని గ్రహించెను. రెండు నెలలలో నక్షత్రచక్రము నాలుగు గంటలు పడమటికి జరుగును గదా! మే నెల 3వ తేదీన ఆ వేళకు రోహిణి సరిగా ఆ కొబ్బరిమొవ్వులోనే యుండవలెను. యంత్రము లెక్క తప్పలేదు; దానికి చెప్పిన మాట తప్పు.

తేదీ సవరించి, మృగవ్యాధుని, బ్రహ్మహృదయమును చూపి సరిచేసినపిమ్మట, రాత్రి పదిగంటలు దాటినవెనుక తూర్పున పైకివచ్చిన స్వాతిని చూపుమంటిని. ఈసారి యంత్రము స్వాతివైపే తిరిగెను గాని, కటకములో స్వాతి లేదు. చంద్రబింబమంత యెడముగా ప్రక్కనున్నది. ఉత్తరపు తారల నడిగిన ఒక ప్రక్కకు తప్పును. తూర్పుతారల నడిగిన మరియొక ప్రక్కకు తప్పును. రెండవరాత్రియు నట్లే తప్పెను. మూడవరాత్రియు నట్లే. అప్పుడు నాకు నవ్వు పోయి ఆలోచన కలిగెను. ప్రతిరాత్రియు నొకేతీరున తప్పునది కేవలము తప్పుకాదు, దానికొక నియమమున్నది.

ఇక్కడ నా గురువుగారిమాట చెప్పవలసియున్నది. 1980 ఫిబ్రవరి 16వ తేదీన మన దేశమున సంపూర్ణ సూర్యగ్రహణము పట్టినది. చంద్రచ్ఛాయ తెలంగాణమున ఉస్మానియా విశ్వవిద్యాలయమువారి జపాల్-రంగాపురము వేధశాలమీదుగా పోయినది. మా యూర పాక్షికమే. గురువుగారు పూర్వసిద్ధాంతరీతిని స్పర్శకాలమును స్వయముగా గణించి కాగితమున వ్రాసియుంచిరి. ఆ మధ్యాహ్నము పళ్లెములో పసుపునీళ్లుపోసి, సూర్యబింబమును అందులో చూచుచు గడియారము పట్టుకొని కూర్చుంటిమి. లెక్కకును కంటికిని ముప్పాతిక ఘడియ భేదము వచ్చినది. ముప్పాతిక ఘడియ యనగా పదునెనిమిది నిమిషములు. కుఱ్ఱతనమున నేను, "గురువుగారూ, శాస్త్రం తప్పిందాండీ?" అని యడిగితిని. ఆయన బదులుచెప్పలేదు. కాగితము మడిచి సంచిలో పెట్టుకొని స్నానమునకు లేచిరి. ఆ మౌనము నాకు చాలకాలము బాధగనే యుండినది.

పంచాంగములలో పూర్వసిద్ధాంతమనియు దృక్సిద్ధాంతమనియు తగవు మనకు తెలిసినదే. ఒకే పండుగ రెండు పంచాంగములలో రెండు దినములకు వచ్చుటయు, ఊర రెండుపక్షము లేర్పడుటయు మన యీడువారందరును చూచినదే. సవరించుట శాస్త్రద్రోహమని ఒక పక్షము. కాని మన సిద్ధాంతకారులు అట్లు తలచినవారు కారు. గణించిన గ్రహమునకును కంట చూచిన గ్రహమునకును కాలక్రమమున యెడమేర్పడగా, దానిని కూడియో తీసివేసియో సరిపుచ్చు పద్ధతికి వారు బీజసంస్కారమని పేరుపెట్టిరి. కేరళమున పరమేశ్వరుడను మహానుభావుడు దశాబ్దములకొలది గ్రహణములను వేధించి, 1431లో దృగ్గణితమను గ్రంథమును రచించెను. ఆయన పరంపరలోనివాడగు నీలకంఠసోమయాజి జ్యోతిర్మీమాంసయందు, గణితమును దృష్టితో సరిచూచి సవరించుట దోషము కాదనియు, చేయవలసిన పనియే యనియు వాదించెను. మన ఆంధ్రదేశమున 1178 ప్రాంతమున మల్లికార్జునసూరి సూర్యసిద్ధాంతమునకు తెలుగున వ్యాఖ్య వ్రాసియుండుటచే, ఈ లెక్కలు మనభాషలో ముచ్చటింపబడుటయు నేటిమాట కాదు.

బీజసంస్కారము గ్రహగణితమునకు చెప్పబడినది. యంత్రమునకును అట్టిదే కావలెనని లోకము గ్రహించుటకు కొంతకాలము పట్టినది. పదునెనిమిదవ శతాబ్దమున జయసింహమహారాజు, ఇత్తడి యంత్రముల యిరుసులు అరిగిపోవుననియు, కేంద్రము కదలిపోవుననియు విసిగి, రాతితోను సున్నముతోను బ్రహ్మాండమైన యంత్రములను కట్టించెను. జయపురములోని సమ్రాట్‌యంత్రపు టెత్తు 27 మీటర్లు. తప్పును లేకుండ చేయుటకు యంత్రమును కదలని కొండగా మార్చవలెనని ఆయన యభిప్రాయము. అది గొప్ప యభిప్రాయమే. కాని కొండయు సరిగా ఉత్తరమునకు నిలిచినదా యను ప్రశ్న మిగిలియే యుండును.

చెన్నపట్టణపు వేధశాలవారును మొదట రాతినే నమ్మిరి. 1792లో అక్కడ భవనము కట్టించిన మైకేల్ టాపింగు మన ప్రాంతమునకు కొత్తవాడు కాడు. మచిలీపట్టణపు తీరమును కొలిచినవాడును, కృష్ణా గోదావరుల నీటిని పొలములకు మరల్చుటనుగూర్చి సర్వే చేసినవాడును ఆయనయే. 1796లో మచిలీపట్టణముననే మరణించెను. ఆయన నిలిపించిన యంత్రమునకు ఆధారముగా నల్లరాతిస్తంభ మొకటి పాతిరి. దానిమీద తమిళ తెలుగులలో గూడ శాసనము చెక్కించిరి. ఆ యంత్రము చేయు పని యొకటే. దక్షిణోత్తరరేఖమీదనే కదలుచు, ఏ తార ఏ క్షణమున ఆ రేఖను దాటినదో చూపవలెను.

అంత చిన్నపనిలో తప్పులు మూడుండును. మన యింటి వడ్రంగి భాషలో చెప్పెదను. ఇరుసు రసమట్టమునకు సరిగా లేకపోవుట యొకటి. ఇరుసు సరిగా తూర్పుపడమరలుగా నుండక ఇంచుక ప్రక్కకు తిరుగుట రెండు. గొట్టము ఇరుసునకు మూలమట్టముగా నుండకపోవుట మూడు. రాతిస్తంభ మెంత బరువైనను ఈ మూడింటిని పూర్తిగా పోగొట్టలేదు. పదునెనిమిదవ శతాబ్దపు నడుమ జర్మనీలో తోబియాస్ మేయరు, ఈ మూడింటిని పోగొట్టుటకు బదులుగా కొలిచి, తార యెత్తును బట్టి ఒక్కొక్కటి ఎంత తప్పించునో సూత్రము కట్టి, తీసివేయు విధమును చూపెను. ఆపై శతాబ్దమున బెస్సెల్ అను మహాజ్యోతిషికుడు ఈ భావమును తుదివరకు తీసికొనిపోయెను. ఆయన మతమున ప్రతియంత్రమునకును రెండు జన్మములు. కమ్మరి కొలిమిలో లోహముతో నొకటి; దాని దోషములను పరీక్షించి పట్టికవేయువాని కాగితముమీద మరియొకటి. మనవారికి ఈ మాట వింతగా నుండదు. భాస్కరాచార్యుడు సిద్ధాంతశిరోమణిలో అనేక యంత్రములను వర్ణించి, అన్నిటికంటె ధీయంత్రమే మేలని తేల్చియుండెను గదా.

ఆ చెన్నపట్టణమునుండియే టి. జి. టెయిలరు 1844లో 11,015 తారల పట్టికను ప్రకటించెను. ఆయనవద్ద నేర్చిన మన గోడే వెంకట జగ్గారావుగారు 1840లో విశాఖపట్టణమున స్వంతవేధశాలను నెలకొల్పిరి. మరి 1868 ఆగస్టు 18వ తేదీ సంపూర్ణగ్రహణమునాడు మన కృష్ణాతీరమే లోకమునకు వేధశాలయైనది. పాగ్సను మచిలీపట్టణమునను, ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెను గుంటూరునను నిలిచిరి. జాన్సెను సూర్యుని యంచున ఎగయు జ్వాలలను వర్ణదర్శినితో చూచి, మరునాడు గ్రహణము లేకయే ఆ జ్వాలల రేఖలను మరల చూచెను. ఆ పరికరమున వెలుగు సన్నని చీలికగుండ పోవలెను. చీలికను సరిగా సూర్యుని యంచునకు గురిపెట్టినగాని ఏమియు కనబడదు. గురి యనునది ఎంతటి పనిముట్టో మన గుంటూరు అప్పుడే చూచినది.

ఇక హైదరాబాదు. 1901లో నవాబు జఫర్‌జంగు తన స్వంత ధనముతో వేధశాలను ప్రారంభించి, 15 అంగుళముల గ్రబ్ దుర్భిణిని తెప్పించిరి. ఆయన గతించినపిమ్మట 1908లో నిజాముప్రభుత్వము దానిని స్వీకరింపగా, అది నిజామియా వేధశాల యను పేర బేగంపేటలో వెలసినది. 1887లో పారిసునగరమున జ్యోతిషికులు కూడి, ఆకాశమునంతను ఛాయాచిత్రములు తీసి తారల స్థానములను కొలువవలెనని నిర్ణయించుకొని, భూమిమీది వేధశాలలకు మింటిని పట్టీలు పట్టీలుగా పంచిపెట్టియుండిరి. దక్షిణక్రాంతి 17 మొదలు 23 భాగల పట్టీ దక్షిణ అమెరికాలో ఒకచోట చేయబడక నిలిచిపోగా, బేగంపేటవారు దానిని తలకెత్తుకొనిరి. అది ముగియకముందే ఉత్తరమున 36 మొదలు 39 భాగల పట్టీని గూడ పట్టుకొనిరి. చాట్‌వుడ్, పోకాక్ దొరల తరువాత 1918 మొదలు టి. పి. భాస్కరన్‌గారు అధ్యక్షులై ఆ పని నడిపించిరి. ఎనిమిదంగుళముల కుక్ దుర్భిణితో గాజుపలకలమీద తారలను పట్టి, సూక్ష్మదర్శినిక్రింద పలక నుంచి, గళ్లగీతలనుబట్టి ఒక్కొక్క చుక్కయు నెక్కడనున్నదో కొలిచి, పన్నెండు సంపుటములు వెలువరించిరి. అందులోని తారలు లక్షలకొలదిగా నున్నవి. కొలిచినవారి పేళ్లు లోకమునకు తెలియవు. ఎండకాలపు మధ్యాహ్నములందు గాజుపలకమీదికి వంగి చుక్కల నంకెలుగా మార్చిన ఆ గుమాస్తాలను నేను తఱచుగా తలచుకొందును. వారి సంగతి చివర మరల వచ్చును.

అంతవరకు దుర్భిణి గురి మనుష్యుని చేతులలో నుండెను. వలయములమీది అంకెలు చూచి, చిన్నదుర్భిణిలో కన్నుపెట్టి, చేతితో సరిపుచ్చుకొనవలెను. ఒక తారను పట్టుటకు కొన్ని నిమిషములు పోయినను ఎవరును విచారింపరు. పెద్దదుర్భిణులలో ఆ నిమిషములే విలువైనవి. ఒకటి రెండు వికలల వెడల్పుగల చీలికలో మందమైన తారను దింపవలసినచో చేతిపని చాలదు. 1974లో ఆస్ట్రేలియాలోని సైడింగ్ స్ప్రింగ్ కొండమీద ప్రారంభింపబడిన 3.9 మీటర్ల ఆంగ్లో-ఆస్ట్రేలియను దుర్భిణిని మొదటినుండియు కంప్యూటరుచేతికి అప్పగించిరి. అక్కడ పాట్రిక్ వాలెసు అను నాతడు మేయరు చేసినపనినే విస్తరించి, యంత్రపు దోషములన్నిటికిని లెక్కకట్టు సాఫ్ట్‌వేరును రచించెను. వందల టన్నుల యినుము తన బరువునకు తాను వంగుచునే, కొన్ని వికలలలోపుగా గురి చూపసాగినది. ఆ సాఫ్ట్‌వేరు టీపాయింటను పేర ప్రపంచమందలి పెద్ద దుర్భిణులకు వ్యాపించి, కాలక్రమమున మావంటి డాబాదుర్భిణులవారికిని అంగడిలో దొరకునదైనది.

అది చేయుపని మంత్రము కాదు. ఒక్కొక్క దోషము మింటిమీద ఒక్కొక్కతీరున తన జాడ విడుచును. వలయపు సున్న తప్పినచో అన్నితారలును సమముగా తప్పును. గొట్టము ఇరుసునకు మూలమట్టముగా లేనిచో, మధ్యమింట కొద్దిగాను ధ్రువము చేరినకొలది మిక్కుటముగాను తప్పు పెరుగును. ధ్రువాక్షము సరిగా ధ్రువమునకు చూడనిచో, తూర్పుతార కొకవైపును, నడిమింటితార కింకొకవైపును తప్పును. గొట్టము కావడిబద్దవలె తన బరువునకు వంగినచో, నెత్తిమీది తారకు తప్పులేక, క్షితిజమునకు దిగినకొలది ఎక్కువగును. కనుక మింటినిండ చెదరియున్న పాతికముప్పది తారలను ఒక్కొక్కటే చూపించి, యంత్రము చెప్పినచోటికిని తార యున్నచోటికిని గల యెడమును వ్రాసికొనినచో, ఆ యెడములన్నియు ఏయే జాడలు ఎంతెంత కలిసి యేర్పడినవో విడదీయవచ్చును. విడదీయు కనిష్ఠవర్గపద్ధతిని లెజెండరు 1805లోను, గౌసు 1809లోను ప్రకటించిరి. చేతితో చేసినచో వారము పట్టు నా లెక్కను ల్యాప్‌టాప్ రెప్పపాటున చేయును. పిమ్మట మనము స్వాతి నడిగినచో, యంత్రము ముందుగానే తన తప్పును తీసివేసికొని తిరుగును.

ఇంజనీరింగు చదువుచున్న మా మనుమరాలు సెలవులకు వచ్చినప్పుడు ఈ పని తలపెట్టితిమి. తారల నెన్నుట నాది. అంకెల నెక్కించుట దానిది. మొదటిరాత్రి 24 తారలను కొలిచితిమి. లెక్కకట్టగా మిగిలిన శేషములు ఏ నియమమునకును లొంగక, చిందరవందరగ నుండెను. "తాతయ్యా, ఇంకో నాలుగు పదాలు కలిపితే శేషం తగ్గుతుంది," అని అది చెప్పెను. తగ్గునుగాని, నేను వలదంటిని. ఇరువదినాలుగు కొలతలకు ఇరువదినాలుగు సవరణలు పెట్టినచో శేషము సున్న యగును. ఇరువదియైదవ తార మరల తప్పును. ఒక్క గ్రహణమునకు సరిపడునట్లు బీజము కల్పించిన గణకులును లేకపోలేదు. వారి పంచాంగము ఆ సంవత్సరమునకు మెప్పుపొందును.

యంత్రమును చేతితో పట్టి కదల్చిచూచితిని. క్రాంతియిరుసు పళ్లచక్రములో సడలు గలదు. పాత యెద్దుబండి చక్రము ఇరుసుమీద కొట్టుకొనునట్లు లోలోపల కొట్టుకొనుచున్నది. ఎటునుండి తిరిగివచ్చినదో దానినిబట్టి గురి మారిపోవుచున్నది. నియమము లేని దోషమును ఏ సాఫ్ట్‌వేరును సవరింపలేదు. మరునాడు మా వీధిలో మోటార్లు బాగుచేయు నతనిని పిలిపించి, పళ్ల నడుమ సందు తగ్గించి, ముక్కాలి మరలు బిగింపించితిని. ఆ తరువాత ప్రతితారకును తుదికదలిక ఎల్లప్పుడు ఒకేవైపునుండి యుండునట్లు చూచుకొంటిమి. మన యక్షాంశమున ధ్రువాక్షము దాదాపు పడుకొనినట్లుండుటచేత బరువంతయు నొకప్రక్కకు మొగ్గును. ముక్కాలి కాళ్లక్రింద పలకలు వేసితిమి.

రెండవసారి 24 తారలు తీయుటకు రాత్రి రెండుగంటలు దాటినది. దోమలనుగూర్చి చెప్పను. లెక్కయందు ఆరుపదములే యుంచితిమి. మొదట సగటున 35 కలలు తప్పుచుండిన యంత్రము ఇప్పుడు 3 కలలు మాత్రమే తప్పెను. ధ్రువాక్షము ధ్రువమునకు 22 కలలు తూర్పుగా చూచుచున్నదని కూడ లెక్కలో తేలినది. మసకలో నేను నమ్మిన ధ్రువనక్షత్రమే నన్ను కొంత తప్పించియుండును. స్వాతి నడిగితిమి. నడిమికటకములో దాదాపు మధ్యమున పసుపుపచ్చగా నిలిచినది. మనుమరాలు చప్పట్లు కొట్టెను.

ఇటీవలివారు దీనికంటెను సుళువైన మార్గమును కనిపెట్టిరి. దుర్భిణికి కెమెరా తగిలించి ఒక చిత్రము తీయుదురు. అందులోని చుక్కలను నాలుగేసి చొప్పున కూర్చి, ఆ చతుర్భుజముల రూపమును ముందే తయారుచేసియుంచిన జాబితాతో పోల్చి, ఇది ఆకాశమున ఏ మూలయో సాఫ్ట్‌వేరు చెప్పివేయును. ఇప్పుడు కొలతకు నేను కన్ను పెట్టనక్కరలేదు. ఒకరాత్రి మేము హస్తానక్షత్రమువైపు చిత్రము తీయగా, అరనిమిషములో స్థానము వచ్చినది. "ఈ జాబితా ఎక్కడిది?" అని యడిగితిని. మనుమరాలు వెదకి చెప్పిన పేరు టైకో-2. అది 25 లక్షల తారల పట్టిక, 2000లో ప్రకటింపబడినది. తారల స్థానములు హిప్పార్కసను కృత్రిమోపగ్రహము కొలిచినవి. కాని తారలు తమలో తాము కదలుచుండును. ఆ కదలిక తెలియవలెనన్న దీర్ఘకాలపు ఎడమున రెండు కొలతలు కావలెను. ఆ పాతకొలత యెక్కడనుండి తెచ్చిరో తెలిసినప్పుడు నేను కుర్చీలో కొంతసేపు కదలలేదు. పారిసు పథకపు పాతపట్టీలనుండియే తెచ్చిరి. హస్తయందు పెక్కుతారలు దక్షిణక్రాంతి 17 భాగలకును 23 భాగలకును నడుమనే యున్నవి. అది బేగంపేటవారి పట్టీ. గాజుపలకమీదికి వంగిన ఆ పేరుతెలియని గుమాస్తాల యంకెలు ఇప్పుడు గన్నవరపు డాబామీద యంత్రమునకు దారి చూపుచున్నవి.

గురువుగారు గతించిన పిమ్మట వారి కుమారులు కొన్ని పుస్తకములు నాకిచ్చిరి. అందులో గ్రహణగణితపు వ్రాతప్రతి యొకటి గలదు. చాలకాలము దానిని విప్పి చూడలేదు. ఈ యంత్రపు పట్టికలు వ్రాయుచున్న దినములలో ఒకసాయంత్రము విప్పితిని. ప్రతిగ్రహణమునకును గణితకాలము, దాని ప్రక్కన వేరొక సిరాతో దృష్టకాలము, ఆపై "భేదము" అను మూడవ వరుస యున్నది. నలుబదియేండ్ల గ్రహణములవి. 1980 ఫిబ్రవరిది గూడ నున్నది: నలుబదియైదు విఘడియలు. నాడు నేను ద్రోహమువలె చేసిన ప్రశ్నను ఆయన అంతకు ఎన్నోయేండ్లముందే తన్నుతాను అడుగుకొనియుండిరి. బీజము కట్టుటకు చాలినన్ని గ్రహణములు పోగుచేయుచుండిరేమో, పని ముగియలేదు.

మా పట్టికయు నిప్పుడొక పుస్తకములో నున్నది. గురువుగారివలెనే మూడువరుసలు గీచితిని. మూడవవరుసకు ఆ మాటయే పెట్టితిని. అయితే పదునైదు దినముల క్రిందట మా యింటిలో గుమ్మడివడియములు ఎండబెట్టుటకు చోటుచాలక ముక్కాలిని పిట్టగోడదగ్గరకు జరిపిరి. ధ్రువాక్షము కదలినది, ఆ ఆరుపదములలో రెండు ఇక పనికిరావు. మనుమరాలు కళాశాలకు వెడలిపోయినది. వచ్చు అమావాస్యకు, మబ్బులేనిచో, మృగవ్యాధుని మొదలుకొని నేనొక్కడనే మరల ఆరంభింపవలసియున్నది.